అరణపు చెట్టు కొంగలు

బాన్సువాడ,
20 జూన్ 1996.

బామ్మర్ది గోపాల్‌కు రాజేశ్వర్ రాయునది.

నా రాతకు ముందే మాఫీ అడుగుతున్నాను. నాలుగో తరగతి దాకా ఊరి బడిలో ఉర్దూలో చదివినవాణ్ని. తెలుగు అక్షరాలు ఆ తర్వాత బండి మీద కూర్చుని దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నవి. ఒక అక్షరానికి పెట్టవలసిన ఒత్తు పక్కదాని కింద పడుతుంది. నువ్వు ఏడో తరగతి దాకా చదివిన విద్వాంసుడివి. సర్దుకుని చదువుకో.

నిన్న ధన్‌సింగ్ మీ పక్క తండా నుంచి మా చెరుకు తోటలో పనికి వచ్చి నీ కబురు చెప్పాడు. మీ వాకిట్లోని చింతచెట్టు కొట్టేస్తావట. అక్కడ నీ కొడుకు రాజీవ్ ట్రాక్టరుకు షెడ్డు వేస్తావట. "మీ ఇంటామెను ఒక మాట అడుగుమన్నడు" అన్నాడు ధన్‌సింగ్. నస్రుల్లాబాద్ నుంచి మా ఇంటికి బస్సులో అరగంట. పదకొండేండ్ల తర్వాత నీకు మాతో ఒక మాట అవసరం పడింది. అది కూడా చెట్టు కొట్టడానికి. చాలా సంతోషం.

జవాబు ధన్‌సింగ్‌తో చెప్పి పంపితే వాడు దారిలో నాలుగు మాటలు కలుపుతాడు. నాకు మాట్లాడడం రాదని నువ్వే అందరి ముందు చెప్పినవాడివి. అందుకే రాస్తున్నాను.

ఆ చెట్టు నీది కాదు. మా మామ, అంటే మీ నాయన, పెండ్లినాడు మీ అక్క సాయవ్వకు అరణంగా ఇచ్చిన చెట్టు. ఆవును ఇచ్చేవాళ్లు ఆవును ఇస్తారు, ఆయన చెట్టును ఇచ్చాడు. నేల నీది, చెట్టు ఆమెది. ఆ సంగతి నీకు తెలియదనుకుందామంటే, ఏటేటా ఎండాకాలం చింతపండు మూట కట్టి బస్సు మీద వేసి పంపుతూనే ఉన్నావు. మూటతో ఒక్క మాట కూడా పంపవు. ఆ పండుతో పులుసు పెట్టుకున్న రోజల్లా నిన్ను తలుచుకుంటాము. పుల్లగానే ఉంటుంది.

పైగా ఇవి కొంగలు దిగే దినాలు. గూళ్లు పెట్టే వేళ చెట్టు మీద గొడ్డలి వేసేవాణ్ని ఏమంటారో నాకు తెలుగులో రాయరాదు. ఉర్దూలో వచ్చు. నీకు రాదు.

మీ అక్క వద్దన్నది. ఇంతే సంగతి.

రాజేశ్వర్.

తాజా కలం: కొంగలు వచ్చాయా అని ఆమె అడుగుతున్నది.


నస్రుల్లాబాద్,
4 జులై 1996.

మహారాజశ్రీ బావగారి దివ్య సముఖానికి గోపాల్ వేయి దండాలు పెట్టి రాయునది.

తమరి ఉత్తరం చేరింది. చదవడానికి రెండు దినాలు పట్టింది. ఒత్తుల సంగతి కాదు. తమరు ఇన్ని మాటలు ఒకేసారి వాడడం ఇదే మొదలు కాబట్టి నమ్మడానికి టైము పట్టింది. పెండ్లయిన నాటి నుంచి మా ఇంట్లో మాట్లాడినవన్నీ కలిపినా ఈ కాగితంలో సగం కావు.

కొంగలు వచ్చాయి. అక్కకు చెప్పండి. పై కొమ్మల మీద తెల్ల కొంగలు, పెద్ద రైతులు కదా, వాటికి గాలి కావాలి. నడిమి కొమ్మల మీద పశువుల వెంట తిరిగే కొంగలు. ఇప్పుడు వాటి నెత్తి మీద, రొమ్ము మీద బెల్లం పాకం ఒలికినట్టు రంగు వచ్చింది, పెండ్లికి తయారైనట్టు. కింది కొమ్మల్లో గుడ్డి కొంగలు. కూర్చుంటే మట్టిపెల్ల, ఎగిరితే తెల్లగుడ్డ. తమరు మరిచిపోయి ఉండరు. తమరి నెత్తిని గౌరవించింది ఆ జాతే.

ఆ సంగతి తమరు రాయలేదు, కాబట్టి నేను రాస్తాను. పదకొండేండ్ల కింద ఈ ఇంటి గృహప్రవేశం నాడు తమరు తలకు కొత్త రుమాలు చుట్టుకుని చింత కింద కుర్చీలో కూర్చున్నారు. పైనుంచి గుడ్డి కొంగ పిల్ల ఒకటి సగం మింగిన కప్పను కక్కింది. అది రుమాలు మీద పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "మా బావ ఉలుకడు పలుకడు గద, కొంగలు చెట్టనుకున్నయి" అన్నాను. ఇంతే. కొంగల మనసులో ఉన్నది నేను పైకి చెప్పాను.

తమరు లేచారు. విస్తరి ముందు కూడా కూర్చోకుండా బస్టాండుకు నడిచారు. అక్క తమరి వెనకాల నడిచింది. తిట్టి పోతే నేనూ తిట్టేవాణ్ని, మరునాడు మళ్లీ కలిసేవాళ్లం. ఏమీ అనకుండా పోయిన మనిషిని ఏమని పిలవాలి? ఈ పదకొండేండ్లలో నాకు తోచలేదు. తమరికి తోస్తే రాయండి.

షెడ్డు సంగతి. వేర్లు గోడను లేపుతున్నాయి. రెట్ట పడి ట్రాక్టరు మీద రంగు పోతున్నది. మా ఇంటామె పోసవ్వ ఈ ఏడు వాకిట్లో వడియాలు పెట్టలేదు. అయినా పిల్లలు ఎగిరేదాకా గొడ్డలి ముట్టము. అక్క మాట కదా.

తమరి విధేయుడు
గోపాల్.


బాన్సువాడ,
9 ఆగస్టు 1996.

గోపాల్‌కు,

రాత బాగాలేదు, ఈసారి కలం కూడా కారుతున్నది. మాఫీ.

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. కొంగల సంగతి మూడుసార్లు చదివించుకుంది. కప్ప సంగతి నాలుగుసార్లు. నాలుగోసారి నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పదకొండేండ్లు నా ముందు ఆపుకున్న నవ్వు అది. అంత ఓపిక ఉన్న మనిషి మీ ఇంట్లో ఎట్లా పుట్టిందో.

నేను ఒక తప్పు రాశాను. చెట్టు కొట్టవద్దని మీ అక్క అన్నదని రాశాను. అప్పటికి ఆమెను అడగలేదు. నేనే వద్దన్నాను. తర్వాత అడిగాను. ఆమె కూడా వద్దన్నది. కాబట్టి అబద్ధం కాదు, కొంచెం ముందుగా రాసిన నిజం.

ఇంకొక సంగతి. ఇదివరకు ఆమెకు చదువు రాక ఉత్తరాలు నేను చదివేవాణ్ని. ఇప్పుడు నేను కాగితం తలకిందులుగా పట్టుకున్నా ఆమెకు తెలియదు. రెండు కండ్లకు మోతిబిందు, తెల్లపొర కమ్మింది. నిజామాబాద్ దవాఖానలో చూపించాను. ఆపరేషన్ చేస్తే వస్తాయి, లేకుంటే పోతాయి అన్నారు. ఆమె ఒప్పుకోవడం లేదు.

"కోసినంక కండ్లు రాకుంటె ఏం జేద్దువు? ఇంకింత కనవడుతుండంగనే మా ఇల్లు, మా చెట్టు, దాని మీది కొంగలు ఒక్కపారి చూస్త. అటెన్క కోసుకుంటరో, ఏం జేసుకుంటరో మీ ఇష్టం" అంటున్నది.

సరే పద, బస్సు ఎక్కుదాం అన్నాను. ఎక్కదట. నాగుల పంచమికి తమ్ముడు వచ్చి తీసుకుపోవాలి గాని, ఆడపిల్ల తనంతట తాను మూట చంకన పెట్టుకుని పుట్టింటికి ఎట్లా పోతుంది అంటున్నది. అరవై ఏండ్ల ఆడపిల్ల. ఆ మొండితనం ఎవరి రక్తమో నాకు తెలియదు. మా వైపు ఎవరికీ లేదు.

పంచమి ఇంకా పది దినాలున్నది. ఊరికే చెబుతున్నాను.

రాజేశ్వర్.


నస్రుల్లాబాద్,
12 సెప్టెంబరు 1996.

బావగారికి గోపాల్ రాయునది.

అక్క కండ్ల సంగతి చదివి పోసవ్వ ఏడ్చింది. నాకు పొలంలో పని ఉండి ఏడవలేదు.

పంచమికి రాలేకపోయాను. ట్రాక్టరు చెడిపోయింది. ట్రాక్టరు చెడిపోతే బస్సులో రాకూడదా అంటారు. రావచ్చు. రాలేదు. తమరు కూడా పది దినాలున్నది, ఊరికే చెబుతున్నాను అని రాశారు. ఊరికే చెప్పినదానికి ఊరికే ఊరుకున్నాను.

కొంగ పిల్లలు ఎదిగాయి. గూట్లోంచి కొమ్మల మీదికి వచ్చి, మా కొడుకు దోస్తుల్లాగా, పనీ పాటా లేకుండా వరుసగా కూర్చుంటున్నాయి. తల్లి రాగానే దాని ముక్కు పట్టుకుని గుంజుతున్నాయి. రేపో మాపో ఎగిరిపోతాయి.

వచ్చే పంచమికి తప్పక వస్తాను. అప్పటిదాకా ఆ ఉన్న చూపును పొదుపుగా వాడుకోమని అక్కకు చెప్పండి. చెట్టు గురించి ఫికర్ పెట్టుకోవద్దు. చెట్టుకు నాది పూచీ.

గోపాల్.


బాన్సువాడ,
2 ఏప్రిల్ 1997.

గోపాల్‌కు,

చింతపండు మూట చేరింది. ఈ ఏడు మూట పెద్దగా ఉంది. దానికి కొత్త సంచి కూడా. ఇంత మర్యాద ఎందుకో అర్థం కాలేదు.

మీ అక్క మూట విప్పి పండు చేతిలోకి తీసుకుంది. వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. ఒక గింజ తీసి బొటనవేలితో రుద్దింది. ఆమెకు ఇప్పుడు మనుషుల మొహాలు మసకగా కనిపిస్తున్నాయి గాని, వేళ్లకు మాత్రం మోతిబిందు రాలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. నా దగ్గర నేర్చుకున్నట్టుంది. తర్వాత, "గింజ పెద్దగైంది" అన్నది. ఆ మూట కట్టి అటక మీద పెట్టమన్నది. ఆ రోజు పులుసు పెట్టలేదు.

నలభై ఏండ్లు చిన్న గింజ కాసిన చెట్టు ఈ ఏడు పెద్ద గింజ ఎందుకు కాసిందో నీకేమైనా తెలుసా? ఎరువు మార్చావా?

ధన్‌సింగ్‌ను అడిగాను. మీ ఇంటి ముందు నుంచే కదా వాడు రోజూ పోయేది. "నన్నడుగకే అన్న, నేను మనుషుల లెక్కనే చూస్తలేను, చెట్ల లెక్క ఏడ చూడాలె" అన్నాడు. వాడు ఇంత తక్కువ మాట్లాడడం నేను ఎన్నడూ చూడలేదు. ఒంట్లో బాగాలేదేమో.

కొంగలు ఈసారి ఎప్పుడు దిగుతాయో రాయమని మీ అక్క అడుగుతున్నది.

రాజేశ్వర్.


నస్రుల్లాబాద్,
3 జులై 1997.

ప్రియమైన బావగారికి, ప్రియమైన అక్కకు గోపాల్ అనేక నమస్కారములు చేసి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. వానలు బాగున్నాయి. నాట్లు నడుస్తున్నాయి. కాలువ నీళ్లు వచ్చాయి. గింజ సంగతి వ్యవసాయ ఆఫీసరును అడిగాను. చెట్టు వయసు మీద పడితే గింజ లావెక్కుతుందట. మనుషులకు పొట్ట వచ్చినట్టు.

కొంగలు పోయినేడు వచ్చిన రోజే వచ్చాయి. ఈ ఏడు ఇంకా ఎక్కువ. నలభై గూళ్లు లెక్కపెట్టాను. కొమ్మలు బరువుకు వంగుతున్నాయి. మన చింత పచ్చగా, నిండుగా, పెండ్లిపందిరిలాగా ఉంది. పొద్దున్నే ఆ తెల్లదనం చూస్తే కడుపు నిండిపోతుంది. రెట్ట కూడా నాకిప్పుడు మంచిగనే అనిపిస్తున్నది. నిన్న ఒక కొంగ నా భుజం మీద వాలినంత పని చేసింది. అక్క చిన్నప్పుడు ఆ చెట్టు కింద కచ్చకాయలు ఆడేది కదా, ఆ చోటు అట్లాగే ఉంది. ఆ నీడ అట్లాగే ఉంది.

పంచమికి ఈసారి మా ఇంట్లో ఒంట్లో బాగాలేని సూచనలున్నాయి. వీలు చూసుకుని వచ్చే ఏడు తప్పక వస్తాను. అక్కను తొందరపడవద్దని చెప్పండి. చెట్టు ఎక్కడికీ పోదు.

మీ గోపాల్.


బాన్సువాడ,
27 జులై 1997.

చిరంజీవి గోపాల్‌కు,

రాతకు మాఫీ అడగడం లేదు. ఈ ఉత్తరం మీద మరకలు సిరావి కావు. పైనుంచి పడినవి. ఎట్లా పడ్డాయో కింద రాస్తాను.

నీ ఉత్తరం మీ అక్కకు చదివాను. పెండ్లిపందిరి, నలభై గూళ్లు, భుజం మీద కొంగ, అంతా చదివాను. మల్ల చదువుమన్నది. మళ్లీ చదివాను. "మంచిగ రాస్తడు మా తమ్ముడు. అబద్ధం గూడ మనసుపెట్టి రాస్తడు" అన్నది.

మీ ఇంట్లో ఒంట్లో బాగాలేని సూచనలు ఎవరికి? రాజీవ్‌కా, పోసవ్వకా, ట్రాక్టరుకా?

ఇగ ఇక్కడి సంగతి. మృగశిర వచ్చిన నాలుగో నాడు మా పెరటి వేప మీద ఒక తెల్ల కొంగ దిగింది. ముక్కులో ఒక పుల్ల ఉంది. కిరాయికి ఇల్లు చూడవచ్చిన కొత్త పంతులు లాగా అటు చూసింది, ఇటు చూసింది. మరునాడు పది దిగాయి. వారం తిరిగేసరికి వేప ఆకు కనిపించలేదు. పైన తెల్లవి, నడుమ బెల్లం పాకం నెత్తివి, కింద గుడ్డివి. నువ్వు పోయినేడు రాసిన వరుస అదే. వేరే చెట్టు మీద కూడా కులం, అంతస్తు మరిచిపోలేదు.

ఈ ఇంట్లో మేము నలభై ఏండ్ల నుంచి ఉన్నాము. ఈ వేప దిక్కు ఒక్క కొంగ కూడా ఇంతవరకు తల తిప్పి చూడలేదు. నీ చింత మీద నలభై గూళ్లు ఉంటే ఇక్కడ ఉన్నవి ఎవరివి? వాటి చుట్టాలవై ఉంటాయి.

మీ అక్కకు అవి ఇప్పుడు తెల్లటి మసక మాత్రమే. గొంతు విని చెబుతుంది. మొదటి రోజు వాకిట్లో నిలబడి చెవి పెట్టి, "గివి మా చెట్టువే" అన్నది. గుడ్డి కొంగ గొంతు వినిపిస్తే, "పేరుకే గుడ్డిది, చేపను మాత్రం ఇడువది. నేను గూడ గంతే" అంటుంది. పుట్టింటి నుంచి పన్నెండేండ్లుగా ఒక్క మనిషి రాలేదని ఆమెకు బాధ ఉండేది. ఇప్పుడు నలభై కుటుంబాలు వచ్చి కాపురం పెట్టాయి. ఇంకా ఏం కావాలి?

నాకు ఇది కొత్త సంగతి కాదు. చైత్రంలో ఆమె కండ్ల మందుకు నిజామాబాద్ పోయాను. బస్సు మీ ఊరి మీదుగానే కదా పోతుంది. కిటికీలోంచి మీ ఇల్లు కనిపించింది. ఇదివరకు ఆ దారిలో నీ ఇల్లు కనిపించేది కాదు, చెట్టే కనిపించేది. మంచి ఇల్లు కట్టావు. నేను ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి మీ అక్కతో కూడా అనలేదు. ఆమెకు చింతగింజ ముందే చెప్పింది, ఆమె కూడా నాతో అనలేదు. మీ చెట్టు లేదన్న సంగతి ఒకరికొకరు దాచిపెట్టుకుని రెండు నెలలు బతికాము. కొంగలు వచ్చి ఇద్దరినీ బయటపెట్టాయి.

మంచం మీద రెట్ట. బర్రె వీపు మీద రెట్ట. ఇంట్లోకి రావాలంటే వాన లేకున్నా తడుస్తాము. పోయిన సోమవారం నా రుమాలు మీద కప్ప పడింది. ఈసారి నవ్వడానికి మీ అక్క ఒక్కతే ఉంది. చూడలేదు, చప్పుడు విని నవ్వింది. నేనూ నవ్వాను. ఒక్కణ్నే కూర్చుని ఆలోచిస్తే నువ్వు ఆనాడు అన్నది సరే అనిపించింది. నన్ను చెట్టనుకునే వచ్చి ఉంటాయి. లేకుంటే బాన్సువాడలో ఇంతమంది వేపచెట్లు పెట్టుకుని ఉండగా నా ఇంటికే ఎందుకు వస్తాయి?

ఒక పిల్ల గూట్లోంచి కింద పడింది. మీ అక్క దాన్ని గంప కింద పెట్టి సాకుతున్నది. ధన్‌సింగ్ పొలం నుంచి మిడతలు తెచ్చిస్తున్నాడు, నేను కాలువలో చిన్న చేపలు పడుతున్నాను. ఎంత పెట్టినా నోరు తెరిచే ఉంటుంది. పెట్టడం ఆలస్యమైతే అరుస్తుంది. పెట్టినంక అటు తిరిగి కూర్చుంటుంది. మీ అక్కే దానికి పేరు పెట్టింది. గోపాల్.

వచ్చే నెల ఎనిమిదిన పంచమి. పోయినేడు ఊరికే చెప్పాను. ఇప్పుడు ఊరికే చెప్పడం లేదు. రా.

వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకో.

రాజేశ్వర్.


నస్రుల్లాబాద్,
1 ఆగస్టు 1997.

బావా,

చెట్టు కొట్టేశాను. పుష్యమాసంలో.

రాజీవ్ మీద పెట్టి రాద్దామని రెండు కాగితాలు చింపాను. వాడు అడిగింది నిజమే. కొట్టుమన్నది నేను.

పోయిన పంచమికి ట్రాక్టరు చెడిపోలేదు. నేను బస్సెక్కాను. బాన్సువాడ బస్టాండులో దిగాను. హోటల్లో చాయ తాగాను. మీ గల్లీ మొదటి దాకా నడిచాను. అక్కడ ఆగిపోయాను. తలుపు తీసి నువ్వు నన్ను చూస్తావు, ఏమీ అనవు. ఆ ఏమీ అననిదానికి నేను ఏం జవాబు చెప్పాలి? తిరిగి వచ్చి అదే హోటల్లో ఇంకో చాయ తాగి ఇంటికి వచ్చాను. ఐదు నెలలు ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక చెట్టు మీద తీర్చుకున్నాను. నీ మీద గొడ్డలి వేయలేను కదా.

అది పడినప్పుడు పాత గూళ్లు గంపలు గంపలుగా రాలాయి. పోసవ్వ నెల రోజులు ఆ పుల్లలతోనే పొయ్యి ముట్టించింది. షెడ్డు ఇప్పటికీ వేయలేదు. ట్రాక్టరు మొద్దు పక్కన ఎండలో నిలబడి ఉంది. మృగశిరకు కొంగలు వచ్చాయి, బావా. చెట్టు ఉన్న చోట గాలిలో రెండు రోజులు తిరిగాయి. ముక్కుల్లో పుల్లలు పట్టుకునే తిరిగాయి. నేను ఇంట్లోంచి బయటికి రాలేదు.

చింతపండు బిచ్కుంద అంగడిలో కొన్నది. మూడు దుకాణాలు తిరిగి ఏరి ఏరి కొన్నాను. గింజ సంగతి తట్టలేదు.

పంచమికి వస్తాను. అక్కను తీసుకుపోతాను. కాని తీసుకుపోయి ఏం చూపించాలి? గోడలున్నాయి, నేల ఉంది, నా మొహం ఉంది. ఇంతే మిగిలింది.

గోపాల్.


నస్రుల్లాబాద్,
24 ఆగస్టు 1997.

బావకు,

నేను ఆనాడు మీ వాకిట్లోకి వచ్చినప్పుడు నువ్వు ఒక్క మాట అన్నావు. "కూసో" అన్నావు. పన్నెండేండ్లకు ఒక మాట. దాని కోసం బస్టాండులో రెండు చాయలు వృథా చేశానా అనిపించింది. కొంగలు నా కొత్త అంగీని ఏం చేశాయో నువ్వు చూశావు. నువ్వు నవ్వలేదు. లోపలికి పోయి నవ్వావని అక్క బస్సులో చెప్పింది.

అక్క సంగతి రాస్తాను. బస్సు దిగి ఇంటికి వచ్చాము. నేను చేయి పట్టుకుని వాకిట్లోకి తెచ్చాను. అక్క చేయి విడిపించుకుని తానే నడిచింది. ఎన్ని అడుగులో ఆమెకు తెలుసు. సరిగ్గా మొద్దు దగ్గర ఆగింది. వంగి చేతితో చుట్టూ తడిమింది. తర్వాత దాని మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చుంది. నేను తప్పయింది అన్నాను. అక్క తల ఎత్తి ఇల్లంతా కలియచూసింది.

"ఇదివరకు నీడకు నీ ఇల్లు చీకటి కొట్టు లెక్క ఉండెరా. గింత ఎల్తురైతే నా అసొంటిదానికి గూడ కనవడుతుంది. మంచి పని చేసినవు తీ" అన్నది.

తిడితే బాగుండేది. మీ ఇద్దరికీ తిట్టడం చేతకాదు. నా వంటివాడు ఎట్లా బతకాలి?

మరునాడు పొద్దున ఆమె వేళ్లకే దొరికింది. మొద్దు వేరు పక్కన బొటనవేలంత చిగురు. నేను రోజూ చూసే చోటే. ఎన్నడూ కనిపించలేదు. ఇప్పుడు అక్క దాని చుట్టూ ముండ్లకంప వేయించింది. మేకలు వస్తే చప్పుడు విని కట్టె విసురుతుంది. రెండుసార్లు రాజీవ్‌కు తగిలింది. చెట్టు ఆమెది కాబట్టి చిగురు ఆమెదేనట, అది పెరిగే చోట షెడ్డు వేయరాదట. ట్రాక్టరును రోడ్డు మీద పెట్టించింది.

రాఖీ అయిపోయింది. ఇంకా కొన్నాళ్లు ఉంటానంటున్నది. చిగురు మేకలకు అందనంత ఎత్తు పెరగాలట. ఆపరేషన్‌కు మాత్రం ఒప్పుకుంది. చూడవలసింది చూసినాను అన్నది.

నువ్వు ఫికర్ చేయకు. ఇక్కడ ఆమెకు తిండికి, మర్యాదకు లోటు లేదు.

గోపాల్.


బాన్సువాడ,
6 సెప్టెంబరు 1997.

గోపాల్‌కు,

రాత ఇంకా చెడిపోయింది. నెల నుంచి వంట కూడా నేనే. చేతులు కాలాయి. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, ఏరుకో.

మీ అక్కకు లోటు లేదని రాశావు. మంచిది. నాకు లోటు ఉందా అని నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఏమీ లేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా, హాయిగా ఉంది. ఆమె ఉన్నప్పుడు రోజంతా ఏదో ఒకటి మాట్లాడేది, నేను ఊ కొట్టేవాణ్ని. ఇప్పుడు ఊ కొట్టే పని కూడా లేదు. నిన్న బర్రెకు ఊ కొట్టాను.

చింత చిగురు మేకలకు అందనంత ఎత్తు పెరగడానికి ఎన్నేండ్లు పడుతుందో నీకు తెలియదేమో గాని, నాకు తెలుసు. పన్నెండేండ్లు అక్కను మరిచిపోయినవాడివి, ఇప్పుడు ఆమెను మేకలకు కాపలా పెట్టుకున్నావు. పుట్టిల్లు అంటే ఇదేనా? కంప రెండు వరుసలు వేయి. మధ్యలో పాత ఇనుప జాలి చుట్టు. ధన్‌సింగ్‌ను పంపుతున్నాను, వాడికి ఆ పని వచ్చు. మేకలతో మాట్లాడడానికి మాటలు కూడా వాడి దగ్గర ఉన్నాయి.

నిజామాబాద్ దవాఖానలో ఈ నెల పదిహేనుకు ఆపరేషన్ చేస్తామన్నారు. పద్నాలుగున అక్కడ ఉండాలి. అంతకు ముందు రెండు దినాలైనా ఆమె ఇంట్లో ఉండాలి.

వేప దాదాపు ఖాళీ అయింది. పిల్లలు ఒక్కొక్కటే పోయాయి. పెద్దవి పొలాల్లో పశువుల వెంట కనిపిస్తున్నాయి. నన్ను గుర్తుపట్టడం లేదు. మూడు నెలలు నా ఇంట్లో ఉండి పోయాయి, కనీసం తల తిప్పవు. మీ ఊరి కొంగలే, అనుమానం లేదు.

గంప కింది గోపాల్ సంగతి మీ అక్క అడుగుతున్నదని ధన్‌సింగ్ చెప్పాడు. బాగున్నాడా, తింటున్నాడా, రెక్క బలపడిందా అని. ఆ గోపాల్ మొన్న నేను గంప ఎత్తగానే నా కాలు మీదికి ఎక్కాడు. అక్కడి నుంచి బావి గోడ ఎక్కాడు. అక్కడ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఏమైందో నీకు రాయను. ధన్‌సింగ్‌కు కూడా చెప్పలేదు. నువ్వు చదివి ఆమెకు చెబుతావు, నీ నోటితో చెబితే అది నీ సంగతి అయిపోతుంది. నలభై ఏండ్లలో ఆమెకు ముందుగా చెప్పడానికి నా దగ్గర ఒక్క సంగతి కూడా ఉండేది కాదు. అన్నీ ఆమెకే ముందు తెలిసేవి. ఇది ఒక్కటి నా దగ్గర ఉంది. ఇది నేను నోటితోనే చెబుతాను. రెండు రోజుల నుంచి ఎట్లా మొదలుపెట్టాలో అనుకుంటున్నాను.

నువ్వు కూడా వచ్చి కూర్చుని వినవచ్చు. గొడుగు అవసరం లేదు.

ఈ కాగితం చేరిన రోజే జవాబు రాయి. రాసి డబ్బాలో వేస్తే మూడు దినాలు పడుతుంది. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు ఆమె చేయి పట్టుకుని ఎక్కిస్తే, జవాబు అరగంటలో ఇంటికి వస్తుంది.

బస్టాండులో నేనుంటాను. చాయ నేను తాగిస్తాను.

నీ బావ
రాజేశ్వర్.